ఒక చెవి విరిగిన గాడిద

అక్టోబరు 3, గురువారం

గాలి నిలకడగా ఉంది. హార్లన్ గారు పొద్దున్నే వచ్చి షెడ్డు తలుపు తీసి సూర్యుణ్ణి చూసే ఫిల్టరున్న టెలిస్కోపు పెరట్లో పెట్టారు. నేను ఒక చెయ్యి వేయబోతే, "నువ్వుండు చెల్లెమ్మా, నీకు నడుం పట్టేస్తే నాకు కాఫీ ఎవరిస్తారు?" అన్నారు.

మా ఆయన ఎలోయ్ పోయాక ప్రతి గురువారం ఇదే వరస. ముందు నేను టెలిస్కోపులో కన్నుపెట్టి, నల్ల కాగితం మీద తెల్ల పెన్సిల్‌తో సూర్యుడి అంచు గీస్తాను. తర్వాత ఆయన నేను కన్నుపెట్టే ఐపీసునీ దాని కింది ఏటవాలు అద్దాన్నీ తీసేసి, అక్కడ కెమెరా బిగించి వీడియో తీస్తారు, అందులోంచి ఫొటో చేస్తారు. ముగ్గురం చేసే పని ఇద్దరం చేస్తున్నాం.

ఈ రోజు అంచున అన్నీ చిన్న జ్వాలలే. ఒకటి మాత్రం పొంగబోయి ఆగిపోయిన పాలలా ఉంది. ఎలోయ్ ఉంటే దానికో పేరు పెట్టేవాడు. కోడిపుంజు, పొట్ట పగిలిన దిండు, పాదరీగారి టోపీ. సూర్యుడి మీద లేచిన ఏ జ్వాలనీ పేరు లేకుండా వదిలిపెట్టలేదు తను.

నేను ఏటవాలు అద్దంలోంచి చూసి గీస్తాను కాబట్టి నా బొమ్మలో కుడి ఎడమ, ఎడమ కుడి. కెమెరాకి ఆ అద్దం ఉండదు. అందుకే నా బొమ్మనీ ఎలోయ్ తీసిన ఫొటోనీ పక్కపక్కన పెడితే ఎప్పుడూ తిరగబడి ఉండేవి. "చూడు, పోట్లాడుకున్న మొగుడూ పెళ్ళాం" అనేవాడు.

నిర్ణయించుకున్నాను. డిసెంబరులో మా ఖగోళ సంఘం విందుకి వెళ్ళినప్పుడు టెలిస్కోపు హార్లన్ గారికి ఇచ్చేస్తాను. ఇరవై ఏళ్ళ స్నేహితుడు. ఆయన దగ్గరుంటే ఎలోయ్ దగ్గరున్నట్టే.

అక్టోబరు 6

మళ్ళీ చేతుల గురించే ఆలోచన.

మే నెలలో ఆ పొద్దున జరిగింది మళ్ళీ రాస్తున్నాను. ఎన్నిసార్లు రాసినా మారదు, అయినా రాస్తాను. నా కంటికి కుడి అంచున పెద్ద జ్వాల. వంగిన నడుము, పైన రెండు చెవులు, ఒక చెవి మధ్యలో విరిగి వేలాడుతోంది. ఎలోయ్ కన్నుపెట్టి, "దీని దుంపతెగ, గాడిద వచ్చిందే!" అన్నాడు. చిన్నపిల్లాడిలా గంతేశాడు. ఇంత పెద్దది ఇన్నేళ్ళలో మా పెరట్లోంచి ఎప్పుడూ కనబడలేదు. నేను గబగబా గీశాను. తను కెమెరా బిగించుకుని, ఎండకి తెర కనబడదు కదా, ల్యాప్‌టాప్ మీదా తన తల మీదా నల్లగుడ్డ కప్పుకున్నాడు. నేను గుడ్లు వేయడానికి లోపలికి వెళ్ళాను.

కిటికీలోంచి పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. ఆ గుడ్డ కింద దూరితే ఏ పిలుపూ వినబడదు తనకి. విసుక్కుంటూ గుడ్ల మీద మూత పెట్టాను. తీరిగ్గా చేతులు కడుక్కుని బయటికి వచ్చాను.

టెలిస్కోపు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. గుడ్డ ఇంకా తన తల మీదే ఉంది.

ఆ వారమే హార్లన్ గారు ల్యాప్‌టాప్ తీసుకెళ్ళారు. అందులో ఏముందో చూసిపెట్టమని నేనే ఇచ్చాను. తను చివరగా ఏం చూశాడో అందులో ఉంటుంది కదా. తిరిగిచ్చేటప్పుడు ఆయన కళ్ళు దించుకుని అన్నారు: "ఏమీ లేదు చెల్లెమ్మా. అంతా మసక. ఫోకస్ కుదరలేదు. చేతులు వణికినట్టున్నాయి, పాపం. చూసి బాధపడతావని చెరిపేశాను."

చేతులు వణికాయట. ముప్పై ఏళ్ళు గడ్డాలు గీస్తూ ఈ ఊరి మగవాళ్ళ గొంతుల మీద కత్తి నడిపిన చేతులు. షెరీఫ్ దగ్గర్నుంచి దొంగల దాకా అందరూ కళ్ళు మూసుకుని ఆ కుర్చీలో వెనక్కి వాలేవాళ్ళు. ఆ చేతులు వణుకుతుంటే పక్కనే ఉన్న నాకు కనబడలేదా? కప్పు పట్టుకున్నప్పుడు? చొక్కా గుండీలు పెట్టుకుంటున్నప్పుడు? గుర్తు తెచ్చుకుంటూ పోతే ఇప్పుడు నిజంగానే వణికినట్టు కనబడుతున్నాయి. నేను గమనించి ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని.

అక్టోబరు 7

గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. చేతులు వణకడానికీ దానికీ సంబంధం ఉందా అని నేను అడగలేదు. ఉందంటాడని భయం.

అక్టోబరు 12

ప్రూడీ కాల్చిన పచ్చిమిరపకాయల సంచి ఎత్తుకొచ్చింది. ఎలోయ్ చెల్లెలు. ఆ సంచిలో ఉన్న ఘాటంతా ఒకెత్తు, దాని నోరు ఒకెత్తు. వంటింట్లో కూర్చుని ఇద్దరం తొక్కలు ఒలిచాం.

"నీ గురువారం పెళ్ళికొడుకు ఎలా ఉన్నాడు వదినా?"

"సిగ్గులేకపోతే సరి. ఆయన నన్ను చెల్లెమ్మా అంటారు."

"అదే నేననేది. చెల్లెమ్మా అంటూ వారం వారం రెండు ప్లేట్లు లాగించి పోయే అన్నని నేనెక్కడా చూళ్ళేదు. మా అన్నయ్యైతే నాకు ఒక్క టోర్టియా రొట్టె కూడా మిగిల్చేవాడు కాదు, ఆ మాట వేరు."

టెలిస్కోపు ఇచ్చేయబోతున్నానని చెప్పాను. ఒలుస్తున్న కాయ వదిలేసింది.

"పిచ్చా నీకు? ఆ డొక్కు ట్రక్కు మార్చకుండా కూడబెట్టి కొనుక్కున్నాడు దాన్ని."

"నాకు కెమెరా బిగించడం రాదు ప్రూడీ."

"రాదా, ఆయన రానివ్వట్లేదా?"

మిరపకాయలు ఒలిచిన చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. ఇక ఆ మంటకి ఇద్దరం నవ్వుకున్నాం.

అక్టోబరు 17, గురువారం

కెమెరా బిగించడం నేర్పమని హార్లన్ గారిని అడిగాను. "ఈ తీగల గొడవ నీకెందుకమ్మా, నేనున్నాగా" అన్నారు. నిజమే. ఉన్నారు.

కాఫీ తాగుతూ ఫ్రిజ్ వైపు చూశారు. దాని మీద ఒకటే బొమ్మ ఉంది, ఆ రోజుది. మిరపకాయ అయస్కాంతంతో పెట్టాను. "ఇది భలే గీశావు చెల్లెమ్మా, ఎప్పటిది?" అన్నారు. నోరు రాలేదు. "ఎప్పుడో పాతది" అన్నాను. తేదీ కూడా రాయలేదు దాని మీద. ఆ తేదీ నాకు ఒకరు గుర్తుచేయాలా?

నవంబరు 2

పోయినవాళ్ళ రోజు. బల్ల మీద ఎలోయ్ ఫొటో పెట్టి, బంతిపూలు, సోంపు బిస్కెట్లు, తన కత్తెర పెట్టాను. నల్లగుడ్డ మడిచి పెట్టాను. మడిచేటప్పుడు వాసన చూశాను. ఎండ వాసన తప్ప ఏమీ లేదు.

నవంబరు 9

సంఘం క్యాలెండరు వచ్చింది. అట్ట మీద హార్లన్ గారి ఫొటో!

ఎంత సంతోషం. పన్నెండు నెలల్లో ఒక్క నెలకైనా ఎంపిక కావాలని ఎలోయ్, ఆయనా ఏటా పందెం వేసుకునేవాళ్ళు. ఇద్దరికీ ఎప్పుడూ దక్కలేదు. ఇప్పుడు ఏకంగా అట్టే. నల్లటి ఆకాశం, కుడి అంచున ఎర్రగా లేచిన పెద్ద జ్వాల. కింద అచ్చు వేశారు: 'దేవదూత రెక్క. హార్లన్ స్ట్రౌడ్, తన పెరటి నుంచి, ఏప్రిల్.'

ఫ్రిజ్ మీద నా బొమ్మ పక్కనే పెట్టాను. గురువారం వచ్చినప్పుడు చూస్తారు. ఆపిల్ కేక్ చేయాలి.

నవంబరు 10

రెక్క అన్నారు గానీ నాకు రెక్కలా లేదు.

నవంబరు 11

ఏప్రిల్‌లోనే తీసి ఉంటే ఎలోయ్‌కి చూపించలేదేం? అప్పటికి తను ఉన్నాడు. ఆశ్చర్యపరుద్దామని దాచి ఉంటారు. ఇంతలో తను పోయాడు. పాపం, ఆ బాధ ఆయన ఎవరికి చెప్పుకుంటారు?

నవంబరు 12

గాడిద కాదు.

వేల జ్వాలలు లేస్తాయి. రెండు ఒకేలా ఉండకూడదని ఎక్కడుంది? పైగా నా బొమ్మలో కుడివైపున ఉన్నది ఫొటోలో ఎడమవైపున రావాలి. ఇది ఫొటోలోనూ కుడివైపే ఉంది. అచ్చుగుద్దినట్టు నా బొమ్మలాగే ఉంది. అంటే అది కాదు. అది అయితే తిరగబడి ఉండేది.

ఇంత చిన్న విషయం తెలియక రెండు రోజులు పాడుచేసుకున్నాను.

నవంబరు 14, గురువారం

హార్లన్ గారు వచ్చారు. వంటింట్లోకి రాగానే ఒక్క క్షణం ఆగారు. నేను కేక్ కోస్తూ, "చూశారా, ఎక్కడ పెట్టానో!" అన్నాను. "అయ్యో, అంత గొప్పగా ఏముందమ్మా" అన్నారు. మొహమాటం మనిషి.

ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా ఫ్రిజ్‌కి వీపు పెట్టి ఎలోయ్ కుర్చీలో కూర్చున్నారు. మే నెల నుంచి ఎవరూ కూర్చోలేదు దాంట్లో. మంచిదే. ఎన్నాళ్ళని ఖాళీగా ఉంటుంది.

"ఏప్రిల్‌లో ఏ రోజు తీశారు?" అని అడిగాను.

"నెల చివర్లో. సరిగ్గా గుర్తులేదు."

"కుడి అంచునేనా?"

"ఊఁ. కుడి అంచున."

రెండో ముక్క వద్దన్నారు. అల్బుకర్కీ వెళ్ళాలట. టెలిస్కోపు బయటికే తీయలేదు. ఆకాశం మాత్రం అద్దంలా ఉంది.

నవంబరు 16

ప్రూడీని ఇంట్లోంచి వెళ్ళగొట్టాను.

పాలు తీయడానికి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. "ఇదేంటి వదినా, నీ బొమ్మనే ఫొటో తీసి క్యాలెండర్లో వేశారా?"

నాకు ఒళ్ళు మండింది. "అది వేరు, ఇది వేరు."

"వేరేంటి? ఇదుగో నడుము, ఇదుగో చెవి, ఇదుగో విరిగిన చెవి. నాకు మీ సూర్యుడి సంగతులు తెలియవు గానీ గాడిద తెలీదా? మా నాన్న దగ్గర రెండుండేవి."

నేను ఓపిగ్గా చెప్పాను. ప్రూడీ, నా బొమ్మ అద్దంలోంచి చూసి గీసింది, ఫొటో అద్దం లేకుండా తీసింది, ఒకే జ్వాల అయితే రెండూ తిరగబడి ఉండాలి, ఇవి ఒకేలా ఉన్నాయి, కాబట్టి ఇవి ఒకటి కాదు.

అది పాల డబ్బా చేత్తో పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"అయితే తిరగేశాడు" అంది.

అంతే. అంత తేలిగ్గా అంది. నీకు మొదట్నుంచీ ఆయనంటే పడదు, నీకు మీ అన్నయ్య మీద ప్రేమ కన్నా టెలిస్కోపు మీద ఆశ ఎక్కువ, ఇంకేవేవో అన్నాను. అనకూడనివి. అది పాలు బల్ల మీద పెట్టి, కోటు వేసుకుని వెళ్ళిపోయింది. దానికి జవాబు దొరకని మాట నేనింతవరకు అనలేదు. ఈ రోజు అన్నాను.

నవంబరు 17

ఎలోయ్ గడ్డం గీసుకునే అద్దం తెచ్చి క్యాలెండరుకి ఎదురుగా పట్టుకున్నాను. గాడిద ఎడమ అంచుకి వెళ్ళింది.

దించేశాను.

నవంబరు 18

పెద్ద పెద్ద వేధశాలలు సూర్యుణ్ణి రోజూ ఫొటో తీసి ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెడతాయి. ఏ తేదీ కావాలన్నా దొరుకుతుంది. ఇన్ని నెలలూ ఆ తేదీ నేను తెరవలేదు. ఈ రోజు తెరిచాను.

మే నెల, ఆ పొద్దున. ఎడమ అంచున, చిన్నగా. వంగిన నడుము, రెండు చెవులు. ఒకటి విరిగింది.

ఏప్రిల్ చివరి రోజులన్నీ తెరిచాను. ఒక్కొక్కటే. కుడి అంచున ఏమీ లేదు.

మసక అన్నాడు. చేతులు వణికాయి అన్నాడు. చెరిపేశాను అన్నాడు. అవన్నీ అని, ఈ ఇంట్లో కూర్చుని, ఈ బొమ్మకి ఎదురుగా, ఇన్ని గురువారాలు నా చేతి కాఫీ తాగాడు. ఎప్పటిది అని కూడా అడిగాడు.

నేను మోసపోయాను. ఈ మాట రాసి చూస్తే ఎలా ఉంటుందో అనుకున్నాను. ఏమీ తేలికవలేదు.

నవంబరు 19

ఫొటో దొంగిలిస్తే దొంగిలించాడు. అడిగితే ఇచ్చేదాన్ని. ఇద్దరి పేర్లూ వేయించేదాన్ని, అట్ట మీద. కానీ చేతులు వణికాయని ఎందుకన్నాడు? ఊరికే మసక అని ఊరుకోవచ్చు కదా. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఆరు నెలల నుంచి నా మొగుడి చేతుల్ని అనుమానిస్తున్నాను. పెళ్ళినాటి నుంచీ ఉన్న జ్ఞాపకాలన్నిట్లోనూ ఆ చేతుల్ని వణికించి చూసుకున్నాను.

నవంబరు 20

ప్రూడీకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

నవంబరు 21, గురువారం

హార్లన్ వచ్చాడు. కాఫీ పెట్టలేదు. ఎలోయ్ కుర్చీ లాగబోతే, "అది కాదు, ఇవతలిది" అన్నాను. ఫ్రిజ్‌కి ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ బొమ్మ ఎప్పటిదని అడిగారు కదా ఆ రోజు. ఎలోయ్ పోయిన పొద్దుటిది."

ఆయన మొహం చూస్తూనే ఉన్నాను. ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"చెల్లెమ్మా, నేను నీ మంచికే..."

"నా మంచికా?"

"ఆ వీడియో చివర నువ్వు చూడలేవమ్మా. బాగానే నడుస్తూ నడుస్తూ ఒక్కసారి బొమ్మంతా అదిరిపోతుంది. సూర్యుడు తెరలోంచి జారిపోతాడు. తర్వాత అంతా చీకటి. ఎలోయ్ పడిపోయింది అప్పుడే. అది నీకు ఎలా చూపించను? అందుకే ఏమీ లేదన్నాను. దేవుడి మీద ఒట్టు, ఆ రోజు నా మనసులో వేరే ఏమీ లేదు."

నమ్మాను. అది కూడా రాయాలి. ఒక్క క్షణం నిజంగా నమ్మాను. నమ్మాలని ఎంత ఆశపడ్డానో. నా మీద జాలితో అబద్ధమాడాడు, అంతే, ఇక లేచి కాఫీ పెట్టేయొచ్చు అనుకున్నాను.

"మరి పేరు?"

"వేల ఫ్రేములమ్మా. వాటిలోంచి మంచివి ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ చెవి తేలేదాకా కూర్చున్నది నేను. కళ్ళు పోయాయి. ఎలోయ్ ఉన్నా అంత బాగా చేయగలిగేవాడు కాదు. పోయినవాడి పేరు పంపితే తీసుకుంటారో లేదో అని..."

"సరే. మరి తిరగేశారెందుకు?"

టోపీ మళ్ళీ చేతుల్లోకి తీసుకున్నాడు.

"నా మీద జాలితో దాచిపెట్టారు. కష్టపడ్డారు కాబట్టి మీ పేరు వేసుకున్నారు. అది కూడా ఒప్పుకుంటాను. కుడిని ఎడమ చేయడం ఎవరి మీద జాలి? ఆ రోజు సూర్యుడితో పోల్చి చూస్తే దొరికిపోతారని కదా? అలా తిరగేసి తిరగేసి సరిగ్గా నా బొమ్మ చేసిపెట్టావు. ప్రతి గురువారం నీ ఎదురుగా ఉన్న బొమ్మే."

బొమ్మ వైపు చూశాడు. క్యాలెండరు వైపు చూశాడు. ఇరవై ఏళ్ళు సూర్యుణ్ణి చూసిన మనిషికి అప్పుడు తెలిసింది తను ఏం చేశాడో.

"తన చేతులు వణికాయన్నావు" అన్నాను. "నిజం చెప్పు. వణికాయా?"

"లేదు" అన్నాడు.

"గట్టిగా చెప్పు."

"లేదు ఒఫీలియా. వణకలేదు. మసక అని చెబితే ఎందుకని అడుగుతావని... నోటికి వచ్చింది అనేశాను."

నోటికి వచ్చిందట.

వీడియో చెరపలేదని ఒప్పుకున్నాడు. తెచ్చివ్వమన్నాను. గుమ్మం దగ్గర ఆగి, "టెలిస్కోపు..." అన్నాడు. ఏం చెప్పబోయాడో తెలియదు, తలుపు వేసేశాను. తర్వాత కాఫీ పెట్టుకున్నాను. అలవాటులో రెండు కప్పులు తీశాను.

నవంబరు 22

గేటుకి ఒక సంచి తగిలించి ఉంది. లోపల డిస్కు, దానికి చుట్టి ఒక తువ్వాలు. చీటీ ఏమీ లేదు.

నవంబరు 23

తెరవలేదు.

నవంబరు 24

ప్రూడీ ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. "తిరగేశాడు" అన్నాను. క్షమించమని కూడా అనబోయాను, అననివ్వలేదు. "లోపలికి రా, చలి" అంది.

తర్వాత హార్లన్‌ని తిట్టింది. ఆ తిట్లు రాస్తే ఈ డైరీ పాదరీగారికి చూపించుకోలేను. నాకు మాత్రం తిట్టాలనిపించలేదు. తిట్టే ఓపిక కూడా వాడే తినేశాడు, నా ఆపిల్ కేకులతో పాటు.

నవంబరు 26

సంఘం అధ్యక్షురాలికి ఫోన్ చేసి అట్ట మీది ఫొటో ఎవరిదో చెప్పాను. పేరు మార్చి చీటీలు అంటిస్తారట. హార్లన్ అప్పటికే ఫోన్ చేసి సంఘం మానేస్తున్నానని చెప్పాడట, కారణం చెప్పలేదట. ఆయనకి ఒంట్లో బాగాలేదేమో అని ఆవిడ కంగారుపడిందట.

విందుకి వెళ్ళను. టెలిస్కోపు ఎవరికీ ఇవ్వను.

నవంబరు 28, గురువారం

థాంక్స్‌గివింగ్ పండగ. ప్రూడీ టర్కీ మానేసి ఎర్రమిరప పొసోలే పులుసు వండి తెచ్చింది. తిన్నాక గిన్నెలు కూడా కడగకుండా, "పెట్టు" అంది. నేను డిస్కు పెట్టాను.

మొదట అంతా ఎర్రటి మసక. మసకే కదా, నిజమే చెప్పాడేమో అనుకున్నాను. అప్పుడు ఆ మసక దగ్గరకి వచ్చి, అంచు తేలి, మళ్ళీ మసకైంది. మళ్ళీ తేలింది. ప్రూడీ "ఏమైంది, పాడైందా?" అంది. కాదు. అది తన చెయ్యి. ఫోకస్ మర తిప్పుతున్నాడు. ఎప్పుడూ అంతే, బాగా కుదిరిన చోటు దాటి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చేవాడు. గడ్డం గీసేటప్పుడు కూడా కత్తిని గాల్లో ఒకసారి అటూ ఇటూ ఆడించి అప్పుడు ఆనించేవాడు. ఇటు కొంచెం. అటు కొంచెం. ఇంకా కొంచెం.

ఆగింది.

గాడిద నిలబడి ఉంది. ఎడమ అంచున, ఉండాల్సిన చోట. వంగిన నడుము మీద వెంట్రుకలంత సన్నని గీతలు కూడా కనబడుతున్నాయి. విరిగిన చెవి కొస అంచు నుంచి తెగిపోయి మెల్లగా పైకి తేలిపోతోంది. నేను గీసినప్పుడు అది ఇంకా తెగలేదు. తను చూశాడు. ఇన్నేళ్ళు చూడాలనుకున్నది చూశాడు. చాలాసేపు ఆ బొమ్మ కదలలేదు. గాలికి వణికింది గానీ చేతికి వణకలేదు. నాకు ఆ రెండిటి తేడా తెలుసు.

తర్వాత అదిరింది. ఎర్రటి గీత ఒకటి అడ్డంగా పోయింది. చీకటి.

ప్రూడీ ఆపేయబోయింది. వద్దన్నాను. ఆ చీకటి అలా నడుస్తూనే ఉంది. కింద మూల అంకెలు మారుతూనే ఉన్నాయి. ఆ చీకట్లోనే ఎక్కడో నేను రెండుసార్లు పిలిచాను.

ఇద్దరం ఏడ్చాం. హార్లన్ ఒక్క మాట నిజమే చెప్పాడు, ఆ చివర చూడలేనని. కానీ చూడలేనిది చూడాలో వద్దో నేను తేల్చుకోవాల్సింది. అది నా మొగుడి చావు. దాన్ని కూడా తన డ్రాయరులో పెట్టుకున్నాడు.

నవంబరు 30

చేతులు వణకలేదు.

డిసెంబరు 2

చేతులు వణకలేదు. ఊరికే రాసుకుంటున్నాను.

డిసెంబరు 5, గురువారం

చలిగా ఉంది, గాలి లేదు. కారు చప్పుడు కోసం చెవి గేటు వైపే ఉంది పొద్దున్నుంచీ. వస్తే తలుపు తీసేదాన్ని కాదు. అయినా విన్నాను. ఇరవై ఏళ్ళ అలవాటు ఒక్క అబద్ధంతో పోదు. పోతే బాగుండు.

ప్రూడీ రాత్రి ఇక్కడే పడుకుంది. ఇద్దరం కలిసి టెలిస్కోపు బయట పెట్టాం. ప్రూడీ నడుమే పట్టేసింది, నాది కాదు. ముందు బొమ్మ గీశాను. చిన్న జ్వాల, కుడివైపు, తిరగేసిన జగ్గులా ఉంది. జగ్గు అని కింద రాశాను, తేదీ కూడా వేశాను. తర్వాత ఐపీసు తీశాను. ఏటవాలు అద్దం తీశాను. దాన్ని అరచేతిలో పెట్టుకుంటే ఎంత చిన్నదో. కెమెరా బిగించాను. ఒక్క మర, ఒక్క తీగ. ఇన్నాళ్ళూ హార్లన్ నీకెందుకు అన్నది దీని గురించేనా?

ప్రూడీ గుడ్లు వేస్తానని లోపలికి వెళ్ళింది. బల్ల మీది నల్లగుడ్డ తెచ్చి తల మీద కప్పుకున్నాను. లోపల వెచ్చగా ఉంది. తెర మీద ఎర్రటి మసక. ఫోకస్ మర తిప్పాను. నా చేతులు వణికాయి. ఎంత వణికాయంటే రెండో చేత్తో మణికట్టు పట్టుకోవాల్సి వచ్చింది. అంచు వచ్చింది, పోయింది. దాటి పోనిచ్చి వెనక్కి తిప్పాను. ఇటు కొంచెం. అటు కొంచెం.

"వదినా, గుడ్లయ్యాయి!"

వినబడింది. గుడ్డ కింద కూడా బాగానే వినబడుతుంది. అంటే ఆ రోజు తనకి వినబడక కాదు, నేను పిలిచేసరికే వినడానికి తను లేడని ఇప్పుడు తెలిసింది నాకు. మర మీంచి చెయ్యి తీయలేకపోయాను. ఇంకా కొంచెం. జగ్గు పిడి తేలుతోంది, ఎడమ అంచున.

"వదినా!"

ఈసారి గొంతు వేరుగా ఉంది. గిన్నె ఏదో కిందపడింది, తలుపు తెరుచుకుంది, చెప్పులు లేని అడుగులు పెరట్లోకి పరుగెత్తుకొస్తున్నాయి.

గుడ్డ లాగేసి తల బయటపెట్టాను. ఎండ మొహాన కొట్టింది.

"ఉన్నానే" అన్నాను. "ఇక్కడే ఉన్నాను."